పాట మోగేవాళ్లదే దారి

మంచు రింకులో అద్దె బూట్ల కౌంటరు దగ్గర నుంచి,
సెప్టెంబరు, ఆదివారం

బొంగరానికి,

ముందు తిట్టాల్సినవాళ్లను తిట్టేసి ఆ తర్వాత నీ క్షేమం అడుగుతాను. ఏమీ అనుకోకు.

నిన్న మీ అమ్మ ఆటల పత్రిక ఒకటి తెచ్చి నా ముందు పడేసింది. అక్కాచెల్లెళ్లం ఎంత దగ్గరవాళ్లమైనా ఇలాంటివి నాకు చూపించకూడదని దానికి ఎప్పటికి తెలుస్తుందో. మీ ఇద్దరి బొమ్మలూ ఒకే పేజీలో వేశారు చూడు అని మురిసిపోయింది. ఒకే పేజీ, నిజమే. పైన సగం పేజీ నిండా నువ్వు, గాల్లో. కింద అగ్గిపెట్టెంత బొమ్మలో నేను, వంగి బూటు లేసు కట్టుకుంటూ. ఈ ఏడాది ఆడవాళ్ల ఫిగర్ స్కేటింగ్‌లో ఎవరి జాతకం ఎలా ఉందో చెప్పాడు ఆ రాసినాయన. నీ గురించి రెండు కాలమ్‌ల నిండా పొగిడాడు. నా గురించి రెండే వాక్యాలు. ముప్ఫై ఒకటో ఏట కూడా ఇంకా పోటీ పడుతోందట. ఇంకా ఆ కుడివైపు తిరిగే జంపే దూకుతోందట. ఆ ‘ఇంకా’ చూశావా? ఖాళీ చెయ్యమన్నా చెయ్యకుండా కూర్చున్న అద్దెమనిషి గురించి రాసినట్టు రాశాడు.

ఒళ్లు మండి ఆ పత్రిక చించి తడిసిన అద్దె బూట్లలో కుక్కాను. వాటి కంపు నీకు తెలుసుగా, కాగితం కొంచెం పీల్చుకుంటుంది. నీ బొమ్మ ఉన్న సగం మాత్రం తీసి దాచాను. అది వేరే సంగతి.

ఈ రోజుల్లో ఉత్తరాలేమిటని కౌంటరులో నా పక్కన కూర్చునే అమ్మాయి నవ్వుతోంది. శిబిరంలో మీ ఫోన్లు లాక్కున్నారని చెప్పాను. మీ గురువు, ఆ విజిలాయన పద్ధతులు నాకు కొత్తవి కావు. పన్నెండేళ్లు ఆయన విజిలుకి లేచాను, ఆయన విజిలుకి కూర్చున్నాను. నా మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఆస్పత్రికి వచ్చాడు. పళ్లు పెట్టాడు, తల నిమిరాడు, వెళ్తూ వెళ్తూ నా లాకరు తాళంచెవి అడిగి పట్టుకుపోయాడు. ఆ లాకరే ఇప్పుడు నీకిచ్చారని విన్నాను. దాని తలుపు కింది మూల మోకాలితో నొక్కితే గాని తెరుచుకోదు.

ఇక అసలు విషయం. ప్రపంచ పోటీకి ఈసారి మన దేశం నుంచి ఒక్కరినే పంపుతారు, జనవరిలో జాతీయ పోటీలో మొదటొచ్చినవాళ్లని. నీకూ కావాలి, నాకూ కావాలి. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. కాని నవంబరు కప్పు పోటీలో మనిద్దరినీ ఒకే ప్రాక్టీసు గుంపులో వేశారు కనక ఒక్క మాట. ఒకరి తర్వాత ఒకరి పాట వేస్తారు, మంచు మీద మాత్రం అందరూ ఉంటారు. పాట మోగేవాళ్లదే దారి, మిగతావాళ్లు తప్పుకోవాలి. అందరూ ఎడమకి తిరుగుతారు, వెనక్కి జారుతూ ఎగిరే ఆ లట్జ్ జంపు వాళ్లు దూకే మూల వేరు. నేను కుడికి తిరుగుతాను. నా నడుం పట్టుకొని వెనకాలే జారుతూ నేర్చుకున్న పాపానికి నువ్వూ కుడికే తిరుగుతావు. కాబట్టి ఎదురు మూల మన ఇద్దరిదే. అక్కడికి వీపుతో వెనక్కి జారుతూ పోతాం. వీపుకి కళ్లుండవు. జాగ్రత్త.

ఇప్పుడు చెప్పు, ఎలా ఉన్నావు? తింటున్నావా?

నీ పిన్ని

~

శిక్షణ శిబిరం, హాస్టలు గది,
అక్టోబరు

పిన్నికి,

నేను బాగున్నాను. తింటున్నాను. లాకరు తలుపు నువ్వు చెప్పినట్టే తెరుచుకుంది, థాంక్స్. మిగతా ఉత్తరం చదివి చిరాకొచ్చింది.

పత్రికవాడు రాసినదానికి నేనేం చెయ్యను? నా బొమ్మ పెద్దదిగా వేయమని నేను అడగలేదు. నువ్వు కోప్పడేది వాడి మీదైనా, చదువుతుంటే నన్నే అన్నట్టుంది. ఇక్కడ మిగతా అమ్మాయిలకి ఇంటి నుంచి వచ్చే ఉత్తరాల్లో కుక్కపిల్ల ఎంత ఎదిగిందో రాస్తారు. నాకు మాత్రం జాగ్రత్తలు, వాటి వెనక దెప్పుళ్లు.

గురువుగారిని విజిలాయన అనకు. ఆయన నీకేం చేశారో నాకు తెలియదు. నాకు మాత్రం నాలుగు చుట్ల జంపు నేర్పిస్తున్నారు. దాదాపు వచ్చేసింది. మంచు మీద చుట్టరికాలు ఉండవని ఆయన రోజూ చెబుతారు. మొన్న అందరి ముందూ నీ సంగతి తెచ్చారు. “మీ పిన్ని మంచి స్కేటరే. ఎప్పుడు దిగిపోవాలో తెలియదు, అంతే” అన్నారు. అందరూ నా వైపు చూశారు. నేను బూట్ల వైపు చూసుకున్నాను. ఏమనాల్సిందో నువ్వే చెప్పు. నీ తరఫున మాట్లాడితే ఆయనకి కోపం, మాట్లాడకపోతే నీకు కోపం. మీ ఇద్దరి పాత గొడవలో నన్నెందుకు నిలబెడతారు?

నవంబరు కప్పులో ప్రాక్టీసు ఎలా చెయ్యాలో ఆయన నాకు విడిగా చెప్పారు. అది నీకు రాయకూడదు. నువ్వు అవతలి మనిషివి కదా ఇప్పుడు.

పాటల సంగతి నాకు తెలుసు. మంచు మీద నేను నిన్న మొన్న పుట్టలేదు.

ఇట్లు
బొంగరం

నా బొమ్మ దాచుకున్నావు కదా, నీ బొమ్మ ఎందుకు పారేశావు? అడిగానంతే.

~

ఎక్స్‌రే గది బయట బెంచీ మీద నుంచి,
నవంబరు

బొంగరం,

నవ్వితే నొప్పి, దగ్గితే నొప్పి, ఊపిరి గట్టిగా తీస్తే నొప్పి. తిడితే మాత్రం నొప్పి లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

పక్కటెముక చిట్లింది. మోచేతి మీద చర్మం లేచిపోయింది. కప్పు నుంచి తప్పుకున్నానని మా రింకు వాళ్లే నా పేరు కొట్టించేశారు. డాక్టరు ఫొటోని దీపం ముందు పెట్టి చూసి, ఈ వయసులో ఇవన్నీ ఎందుకమ్మా అన్నాడు. అతని బొజ్జ చూసి, ఆ వయసులో అదెందుకు అని నేను అడగలేదు. పెంపకం అడ్డొచ్చింది.

నిన్న మోగింది నా పాట. అందులో చెల్లో వాయిద్యం మొదలైంది, రెండో మలుపు తిరిగాను, మన మూలకి వెనక్కి జారాను. ఎగరబోయే క్షణంలో నువ్వు వచ్చి నా వీపులోకి దిగావు. ఇద్దరం కలిసి చుట్టుగోడకి కొట్టుకున్నాం. ఆ చప్పుడుకి పాట ఆపేశారు. నేను మంచు మీద పడి, గాలి అందక, చేప నోరు తెరిచినట్టు తెరుస్తున్నాను. నువ్వు లేచావు. మోకాళ్ల మీద మంచు దులుపుకున్నావు. దులుపుకొని గోడ దగ్గర నిలబడ్డ విజిలాయన వైపు వెళ్లావు. నా వైపు కాదు.

ఎవరో నన్ను లేపారు. మన గుంపులోని గులాబీరంగు స్వెట్టరు అమ్మాయి, పేరు కూడా తెలియదు. నాకు నీళ్లు తాగించింది. సాయంత్రం నువ్వు పోటీలో మొదటి స్థానం కొట్టావని నర్సు చెప్పింది. ఆవిడ సంతోషంగా చెప్పింది పాపం, నువ్వు నాకు ఏమవుతావో తెలిసి. నేనూ సంతోషపడ్డట్టే మొహం పెట్టాను.

పడటం నాకు కొత్త కాదు. మంచు మీద బతికేదాన్ని, పడటానికి ఏడవను. రాత్రంతా నిద్ర పట్టకుండా నన్ను కొరుకుతున్నది ఒక్కటే. పాట నీకు వినపడలేదా? ఒక్క ముక్కలో జవాబు రాయి. విన్నావా, వినలేదా?

పిన్ని

~

హాస్టలు గది,
నవంబరు

పిన్నీ,

వినలేదు. చాలా?

అక్కడ స్పీకర్లు సరిగ్గా లేవు. నా ధ్యాస నా జంపు మీద ఉంది. నీకు తగలాలని ఎవరైనా అనుకుంటారా? నాకూ తుంటి మీద గిన్నెంత మేర నల్లగా కమిలింది. ఆ దెబ్బతోనే సాయంత్రం దిగాను. అది ఎవరూ అడగరు. ఇక్కడ తోటి అమ్మాయిలు నేను వస్తే మాటలు ఆపేస్తున్నారు. అమ్మ గురువుగారి ఆఫీసుకి ఫోన్ చేసింది. నన్ను పిలిస్తే పరిగెత్తుకుంటూ వెళ్లాను. నేను హలో అనగానే ఏడ్చి పెట్టేసింది. అందరి దృష్టిలోనూ నేను హంతకురాలిని.

నీ దగ్గరికి రాలేదని అన్నావు. ఎలా వస్తాను? నువ్వు నా వైపు చూసిన చూపు నీకు తెలుసా? చిన్నప్పుడు నీ కొత్త బూట్లు వేసుకొని సిమెంటు మీద నడిచినప్పుడు కూడా నువ్వు అలా చూడలేదు.

ఒక మాట అడుగుతాను, నువ్వూ ఒక్క ముక్కలో జవాబు రాయి. ఆ పత్రిక వచ్చిన రోజు నుంచి నేను ఎప్పుడు తప్పు చేస్తానా అని నువ్వు కాచుకొని లేవూ? నీకు నేను కడుపుమంట కాదూ? మామూలుగా గెలిచే రోజులు పోయాయి కాబట్టి ఇప్పుడు నా పేరు చెడితే నీ పని సులువవుతుంది. గురువుగారు ఇలా అంటే నేను నమ్మలేదు. నీ ఉత్తరం చదివాక నమ్మాలనిపిస్తోంది.

బొంగరం అని సంతకం చెయ్యను. నాకు పదహారేళ్లు.

~

ఇంటి నుంచి, వంటింటి బల్ల మీద,
డిసెంబరు

పదహారేళ్ల దొరసానికి,

కడుపుమంట ఉంది. ఒక్క ముక్కలో అడిగావు కనక ఒక్క ముక్కలో చెప్పాను. నీ మోకాళ్లు చూస్తే మండుతుంది. పొద్దున లేవగానే అవి నొప్పి పెట్టవు కదా అని మండుతుంది. అది నా సొంత మంట, దాన్ని ఎవరి మీదా పోయను.

మీ అమ్మ వచ్చి వెళ్లింది. స్కేటింగ్ సంఘం కార్యదర్శి విచారణ మొదలుపెట్టాడు. ఒకరి పాట మోగుతుండగా కావాలని అడ్డుపడ్డారని తేలితే ఏడాదిపాటు పోటీల్లోకి రానివ్వరట. తేల్చాల్సింది నా మాట మీద. అందుకని మీ అమ్మ ఇదిగో ఈ బల్ల దగ్గరే కూర్చుంది. టీలో చెంచా తిప్పుతూ మొదలుపెట్టింది. “తప్పు నాదేనని చెప్పవే. దాని బతుకంతా ముందుంది. నీదేముంది చెప్పు, ఇవాళో రేపో మానేసేదానివే” అంది.

నీదేముంది. తోడబుట్టింది, నా మొదటి బూట్ల లేసులు కట్టింది, అదే అంది ఆ మాట. పత్రికవాడు నయం, ‘ఇంకా’ అన్నాడు. ఇది ఆ ‘ఇంకా’ కూడా తీసేసింది. లేచి తలుపు తీసి పట్టుకున్నాను. వెళ్లిపోయింది. పొద్దున్నే చిన్నపిల్లలకి నిలబడటం నేర్పడానికి వెళ్లి, ఎవడో పిల్లాడు నా చెయ్యి వదలనన్నందుకు కూడా కసిరాను. వాడికి అయిదేళ్లు. ఏడ్చాడు. ఆ ఏడుపు కూడా నీ ఖాతాలోనే వేస్తున్నాను.

ఇప్పుడు నీ అబద్ధం సంగతి. ఆ హాలులో స్పీకరు మన మూల మీదే వేలాడుతుంది. దాని కింద నిలబడితే పళ్లు అదురుతాయి. సరే, చెవులు పనిచెయ్యలేదనుకుందాం. లట్జ్‌కి ఎగరబోయే ముందు నువ్వు భుజం మీదుగా ఒక్కసారి వెనక్కి చూస్తావు. ఎందుకంటే నేను చూస్తాను. ఎగిరే ముందు దారి చూసుకోమని నీకు నేర్పింది నేను. ఆ రోజూ చూశావు. నేనూ సరిగ్గా అప్పుడే చూశాను. మన కళ్లు కలిశాయి, బొంగరం. నీ కనుబొమ మీద చెమట కూడా కనిపించింది నాకు. ఈ సంగతి మీ అమ్మకి చెప్పలేదు, కార్యదర్శికి చెప్పలేదు, డాక్టరుకి చెప్పలేదు. పోయిన ఉత్తరంలో నీకూ రాయలేదు. నువ్వే చెబుతావేమోనని ఆగాను.

నన్ను చూశావు, చూసి వచ్చావు. ఇక స్పీకర్ల కథలు కట్టిపెట్టి రాయి.

పిన్ని

~

హాస్టలు,
డిసెంబరు

పిన్నీ,

అవును. చూశాను. విన్నాను. చూసే వచ్చాను.

ఏం చెయ్యాలో గురువుగారు ముందు రోజే చెప్పారు. పిన్ని పాట మోగేటప్పుడు నీ మూలకి నువ్వు వెళ్లు, ఆవిడే తప్పుకుంటుంది అన్నారు. “పెద్దవాళ్లు తప్పుకుంటారు. ఒక్కసారి తప్పుకుందంటే ఈ ఏడాది మళ్లీ ఆ మూలకి గుండె ధైర్యంతో రాదు” అన్నారు. తగులుతుందని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

నేనెందుకు ఒప్పుకున్నానో చెప్పనా? ఆయన మాట విని కాదు. ఆయన చెప్పకముందే నాకు తెలుసు, నువ్వు తప్పుకుంటావని. చిన్నప్పుడు మన రింకులో నీ పాట మోగుతుంటే అడ్డంగా వెళ్లినప్పుడల్లా తప్పుకున్నావు. నీ దారి విరగ్గొట్టుకొని, నన్ను చుట్టి తిరిగి, నవ్వుకుంటూ వెళ్లేదానివి. పాట మోగేవాళ్లదే దారి అని నోటితో వెయ్యిసార్లు చెప్పావు. కాలితో ఒక్కసారి కూడా చెప్పలేదు. ప్రపంచంలో అందరూ నన్ను గుద్దేసినా నువ్వు గుద్దవని నాకు తెలుసు. ఆ నమ్మకంతోనే వచ్చాను. నిన్ను చూశాక కూడా అందుకే ఆగలేదు.

నువ్వూ నన్ను చూశావు కదా. ఇప్పుడు నాకు జవాబు చెప్పు. ఎందుకు తప్పుకోలేదు?

నువ్వు పడ్డాక నీ దగ్గరికి రాబోయాను. ఆయన విజిలు ఊదారు. కాళ్లు వాటంతట అవే అటు వెళ్లాయి. ఆ సంగతి తలుచుకుంటే నా కాళ్ల మీద నాకే అసహ్యంగా ఉంది. నువ్వు పన్నెండేళ్లు ఎలా బతికావో ఇప్పుడు అర్థమైంది. అలా అని నిన్ను క్షమించానని అనుకోకు.

ఇంకో సంగతి. కార్యదర్శి ఇవాళ వచ్చాడు. ఇద్దరూ చూసుకోలేదని, ప్రమాదమని నువ్వు సంతకం పెట్టావని చెప్పాడు. ఎవరు పెట్టమన్నారు? నన్ను దొంగని చేసి, మళ్లీ నువ్వే జామీను ఇస్తావా? గురువుగారు చప్పట్లు కొట్టి, చూశావా, పెద్దవాళ్లు తప్పుకుంటారని చెప్పలేదూ అన్నారు. 

బొంగరం

~

అద్దె బూట్ల కౌంటరు,
డిసెంబరు ఆఖరు

బొంగరం,

ఎందుకు తప్పుకోలేదని అడిగావు. నా పాట మోగుతోంది కనక.

అంతే. దాని వెనక ఇంకేదో ఉంటుందని వెతక్కు. ఆరేళ్ల పిల్ల అడ్డొస్తే తప్పుకున్నాను, ఎందుకంటే తగిలితే దాని పళ్లు ఊడతాయి. పదహారేళ్ల మనిషి, నా స్థానం కావాలని వచ్చిన మనిషి అడ్డొస్తే తప్పుకోను. తప్పుకుంటే నిన్ను ఆరేళ్ల పిల్లగానే చూసినట్టు. అప్పుడు నువ్వు ఇంతకన్నా పెద్ద ఉత్తరం రాసి తిట్టేదానివి. నువ్వు రావని నేననుకున్నాను. నేను తప్పుకుంటానని నువ్వనుకున్నావు. ఒకరినొకరం అంత బాగా ఎరుగుదుం మనం, ఏం లాభం? ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్లయితే ఇద్దరం ఆగి ఉండేవాళ్లం.

సంతకం సంగతి. నీ మీద జాలితో పెట్టాననుకుంటున్నావేమో, ఆ భ్రమ వదులుకో. మీ అమ్మ అడిగిందనీ కాదు, మీ అమ్మతో ఇప్పటికీ నాకు మాటల్లేవు. నిన్ను ఏడాది పక్కన పెడితే జనవరిలో నేనే మొదటొస్తాను. వస్తే ఏమంటారు? పిల్లని తప్పించి గెలిచిందంటారు. ఆ పత్రికవాడు ఇంకో ‘ఇంకా’ రాస్తాడు. నాకు అలాంటి గెలుపు వద్దు. నిన్ను మంచు మీద ఓడించాలి. నీ నాలుగు చుట్ల జంపుతో సహా, నీ మోకాళ్లతో సహా, నువ్వు పూర్తిగా ఉండగా ఓడించాలి. దానికి నువ్వు అక్కడ ఉండాలి. అందుకే పెట్టాను సంతకం.

ఆయన చప్పట్లు కొట్టాడని రాశావు. ఆ ముక్క చదివాక, తగ్గిపోతోందనుకున్న పక్కటెముక మళ్లీ సలిపింది. జనవరిలో ప్రాక్టీసులో మళ్లీ నా పాట మోగుతుంది. నేను మళ్లీ ఆ మూలకే వస్తాను, వీపుతో. చిట్లినచోట పట్టీ కట్టుకొని వస్తాను. ఆయన నిన్ను మళ్లీ పంపిస్తాడు, ఆయన సంగతి నాకు తెలుసు. ఏం చేస్తావో నీ ఇష్టం. నేను మాత్రం ఇప్పుడే రాసి పెడుతున్నాను, తప్పుకోను.

పిన్ని

~

అమ్మ ఇంటి నుంచి, మేడ మీద గది,
జనవరి ఆఖరు

పిన్నీ,

నువ్వు గెలిచావు. అభినందనలు అని రాయాలి, కలం రావడం లేదు.

నాకు ఎంత కోపంగా ఉందో నీకు తెలియాలి. అందుకే జరిగినదంతా మొదటి నుంచి రాస్తున్నాను, నీకు తెలిసినా సరే.

ప్రాక్టీసులో నీ పాట మొదలవగానే ఆయన గోడ మీద మోచేతులు ఆనించి, గడ్డంతో మూల వైపు చూపించారు. మాట కూడా అక్కర్లేదు చూడు, ఆయనకి. నేను వెళ్లాను. సరాసరి మూలకే వెళ్లాను. వెళ్లి గోడకి వీపు ఆనించి నిలబడ్డాను. ఆ గులాబీరంగు స్వెట్టరు అమ్మాయి పాపం తెలియక అటు జారుతుంటే చెయ్యి అడ్డం పెట్టి మళ్లించాను. ఇంకొకర్ని పేరు పెట్టి అరిచి ఆపాను. నువ్వు వెనక్కి జారుతూ వచ్చావు, భుజం మీదుగా చూశావు, నన్ను చూశావు. వేగం తగ్గిస్తావేమోనని చూశాను. తగ్గించలేదు. నా మొహం మీద మంచు తుంపర కొట్టేంత దగ్గర్లో ఎగిరావు. కిందికి దిగేటప్పుడు నొప్పికి నీ పెదవి కొరుక్కోవడం కూడా చూశాను.

విజిలు మోగింది. నేను కదల్లేదు. మళ్లీ మోగింది. నీ పాట అయిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. అప్పుడు ఆయన దగ్గరికి వెళ్లాను. అందరూ వింటుండగా, లాకరు తాళంచెవి ఇచ్చెయ్ అన్నారు. బూటులోంచి తీసి ఇచ్చాను. తలుపు ఎలా తెరవాలో మాత్రం చెప్పలేదు.

మర్నాడు పోటీలో నా వంతు వచ్చేసరికి గోడ దగ్గర నా తరఫున ఎవరూ లేరు. బ్లేడ్ల తొడుగులు తీసి ఎవరి చేతికివ్వాలో తెలియక పిచ్చిదానిలా నిలబడ్డాను. అప్పటికి నీ వంతు అయిపోయి, మొదటి స్థానంలో ఉన్నవాళ్లు కూర్చునే ఎర్ర కుర్చీలో ఉన్నావు. కెమెరా నీ మొహం మీదే ఉంది. నువ్వు లేచి వచ్చావు. నడుం పట్టుకొని మెల్లిగా, మొహం చిటపటలాడించుకుంటూ వచ్చి, చెయ్యి చాచావు. తొడుగులు తీసుకున్నావు. “మోకాలు వంచు. భయపడితే ఎగరకు, ఎగిరితే భయపడకు” అన్నావు. వెనక్కి తిరిగి చూడకుండా పోయాను.

నాలుగు చుట్లూ తిరిగాను. దిగాను. జీవితంలో అంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు. చివర్లో మన మూలలో లట్జ్ దూకి దిగేటప్పుడు చెయ్యి మంచుకి తాకింది. అంతే, వేలి కొసలు. ఆ వేలి కొసల తేడాతో నువ్వు వెళ్తున్నావు, నేను వెళ్లడం లేదు.

ఇప్పుడు నాకు గురువు లేడు, శిబిరం లేదు, లాకరు లేదు, స్థానం లేదు. అమ్మ నీ మీద కోపం మానేసి నా మీద పెట్టుకుంది, ఆ మూలలో నిలబడ్డందుకు. పతకాలిచ్చేటప్పుడు నువ్వు నా పక్కన నిలబడి పళ్లన్నీ కనపడేలా నవ్వావు. సారీ చెప్పలేదు. కనీసం చెప్పినట్టు మొహం కూడా పెట్టలేదు. నా చెయ్యి నలిగిపోయేలా పట్టుకున్నావు, అంతే.

అలా నిలబడినందుకు నా మీద నాకు కోపం. నిలబడకపోతే ఇంకా కోపం వచ్చేదని తెలిసి మరీ కోపం. నువ్వు గెలిచినందుకు కోపం. మళ్లీ అలాంటి రోజు వస్తే మళ్లీ అక్కడే నిలబడతాను. కాని ఆ తర్వాత నిన్ను చిత్తుగా ఓడిస్తాను. ఇది రాసి పెట్టుకో.

బొంగరం

~

మన రింకు నుంచి,
ఫిబ్రవరి

బొంగరానికి,

రాసి పెట్టుకున్నాను.

సారీ చెప్పను. నీకన్నా బాగా చేశాను, గెలిచాను. అందుకు సారీ చెబితే నీ ఆటని తక్కువ చేసినట్టు. నవ్వింది గెలిచినందుకే. కోపంగా ఉండు, నాకూ ఉంది. ఎర్ర కుర్చీలోంచి లేచి నీ తొడుగులు పట్టుకున్నంతసేపూ, నువ్వు పడిపోతే బాగుండునని ఒక కన్ను, పడకూడదని ఇంకో కన్ను చూశాయి. ఆ పనికి నన్ను దించినందుకు నిన్ను జన్మలో వదలను.

పత్రిక మళ్లీ వచ్చింది. ఈసారి నేను సగం పేజీ. ముప్ఫై ఒకటో ఏట ఇంకా గెలుస్తోందట. నువ్వు కింద, అగ్గిపెట్టెలో. ఇంకా చిన్నపిల్లేనట. పైదీ కిందదీ చించకుండా పేజీ మొత్తం కౌంటరు గోడకి అంటించాను. వచ్చేపోయే పిల్లలు చూస్తున్నారు.

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. నీదేముంది అన్నందుకు ఏడ్చింది. నేనింకా మెత్తబడలేదు. నిన్ను తీసుకొచ్చి రింకు దగ్గర దింపితే ఆలోచిస్తానని చెప్పాను.

ప్రపంచ పోటీకి ఇంకా నెల ఉంది. నాకు పక్కన పరిగెత్తించేవాళ్లు కావాలి, నీకు మంచు కావాలి. ఇక్కడ విజిలు ఊదేవాళ్లు ఎవరూ లేరు. లాకరు ఇస్తాను, దాని తలుపు మామూలుగానే తెరుచుకుంటుంది. సోమవారం పొద్దున్నే రా, బ్లేడ్లు పదును పెట్టించుకొని రా.

ముందు నా పాట వేస్తారు. పక్కకి తప్పుకో.

నీ పిన్ని